భౌతికశాస్త్రమంటే భయమెందుకు?

సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాయాలా, జ్ఞాపకాలు రాయాలా అని ఆలోచించాం. చివరికి చెల్లెళ్ళకు పరీక్ష హాల్లో పనికొచ్చే విషయమే రాద్దామనుకున్నాం. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పరీక్షకు ఎలా తయారు కావాలో మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తున్నాం.

ప్రతి ఏడూ ఎంపీసీ, బైపీసీల్లో చేరినవాళ్ళలో కొందరు రెండు నెలలు తిరగకముందే గ్రూపు మారిపోదామా అని ఆలోచించడం మనం చూస్తూనే ఉన్నాం. కారణం అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు ఫిజిక్స్. సీఈసీ, హెచ్ఈసీ చదువులు ఏ విధంగానూ తక్కువవి కావు. వాటిని ఇష్టపడేవాళ్ళు తప్పకుండా చేరాలి. కానీ నర్సు కావాలనో, ఇంజనీరు కావాలనో, సైన్సు టీచరు కావాలనో వచ్చిన అమ్మాయి ఒక్క సబ్జెక్టుకు భయపడి ఆ కోరికను చంపుకోకూడదు.

పైగా మనకు ఫిజిక్స్ పోవడమంటే మెమోలో ఒక అంకె తగ్గడంతో అయిపోదు. వేసవిలో ఇంటికి వెళ్తాం. సప్లిమెంటరీ రాసేలోగా "ఆడపిల్లకు ఇంక చదువు చాల్లే" అనే మాట మొదలవుతుంది. ఆ వెనకే సంబంధాల మాట వస్తుంది. అలా ఆగిపోయిన చదువులు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాం. మేమేమీ పుట్టు తెలివితేటలున్నవాళ్ళం కాము. పద్ధతి తెలిస్తే ఈ సబ్జెక్టు ఎవరికైనా లొంగుతుందని చెప్పడానికే మా సంగతి ప్రస్తావించాం.

ఎక్కడ కష్టమవుతుంది?

పదో తరగతి వరకు చాలామంది జవాబులను బట్టీ పట్టి నెట్టుకొస్తారు. ఇంటర్ ఫిజిక్స్‌లో ఈ పద్ధతి సాగదు. పెద్ద ప్రశ్నల్లో ఒక సూత్రాన్ని మెట్టు మెట్టుగా రాబట్టాలి. బట్టీ పట్టినవాళ్ళకు మధ్యలో ఒక మెట్టు గుర్తుకు రాకపోతే ఆ తర్వాతవన్నీ పోతాయి. అర్థం చేసుకున్నవాళ్ళు మర్చిపోయిన మెట్టును అక్కడే కూర్చొని మళ్ళీ కట్టుకోగలరు.

రెండో కష్టం భాష. తెలుగు మీడియం వాళ్ళను సంస్కృత పదాలు భయపెడతాయి. ఇంగ్లీషు మీడియంలో చేరినవాళ్ళను వాక్యాలే భయపెడతాయి. మూడోది, సందేహం వస్తే ఇంట్లో అడగడానికి మనకు ఎవరూ లేకపోవడం. ఈ మూడింటికీ మన హాస్టల్లోనే మందు ఉంది.

పేరులోనే అర్థం

భౌతికశాస్త్రంలోని తెలుగు పదాలను విడదీసి చూడండి. సగం పాఠం అక్కడే తెలిసిపోతుంది. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. పేరే సూత్రం. పౌనఃపున్యం అనే మాట పునఃపునః నుంచి వచ్చింది. అంటే మళ్ళీ మళ్ళీ అని. ఒక సెకనులో ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ జరిగిందో చెప్పేది పౌనఃపున్యం. తరంగదైర్ఘ్యంలో దైర్ఘ్యం అంటే పొడవు. అభికేంద్ర బలం కేంద్రం వైపు పనిచేస్తుంది. అభిముఖంగా అన్నప్పుడు వచ్చే అభి ఇదే.

పరీక్షల్లో ఎక్కువమంది తారుమారు చేసే జంట ఒకటి ఉంది. అవి సమోష్ణోగ్రతా ప్రక్రియ, స్థిరోష్ణక ప్రక్రియ. మొదటి పేరులో ఉష్ణోగ్రత అనే మాట ఉంది కనుక అక్కడ ఉష్ణోగ్రత మారదు. ఉష్ణం మాత్రం లోపలికో బయటికో పోవచ్చు. రెండో పేరులో ఉష్ణం మాత్రమే ఉంది. కాబట్టి అక్కడ ఉష్ణం ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. ఉష్ణోగ్రత మాత్రం మారుతుంది. సైకిలు పంపుతో గబగబా గాలి కొడితే పంపు అడుగు భాగం వేడెక్కడం మీరు చూసే ఉంటారు. బయటి నుంచి ఎవరూ వేడి ఇవ్వలేదు. గాలిని నొక్కడానికి మనం చేసిన పనే ఉష్ణోగ్రతను పెంచింది. స్థిరోష్ణక ప్రక్రియకు ఇది దగ్గరి ఉదాహరణ.

ఒక నోటుబుక్కులో పేజీ మధ్యకు గీత గీసి, ఒకవైపు తెలుగు పదం, రెండోవైపు ఇంగ్లీషు పదం రాసుకోండి. ద్రవ్యవేగం ఎదురుగా మొమెంటం, పౌనఃపున్యం ఎదురుగా ఫ్రీక్వెన్సీ. రోజుకు ఐదు పదాలు చాలు. ఇంటర్ ఏ మీడియంలో చదివినా ఈ పుస్తకం డిగ్రీలోనూ పీజీలోనూ మీకు అక్కరకొస్తుంది.

బొమ్మ, నియమం, ప్రమాణం

ఏ పాఠం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీనికి బొమ్మ ఏమిటి? ఇక్కడ పనిచేస్తున్న నియమం ఏమిటి? చివరికి వచ్చే రాశికి ప్రమాణం ఏమిటి? ఈ మూడూ చేతిలో ఉంటే సూత్రం దానంతట అదే నడిచి వస్తుంది.

ఉదాహరణకు వీట్‌స్టన్ బ్రిడ్జి తీసుకుందాం. ప్రవాహ విద్యుత్తు పాఠంలో తరచుగా అడిగే ప్రశ్న ఇది. ముందుగా బొమ్మ. విద్యుత్తు ఒకచోట రెండు దారులుగా చీలుతుంది. పై దారిలో పి, దాని తర్వాత క్యూ అనే నిరోధాలున్నాయి. కింది దారిలో ఆర్, దాని తర్వాత ఎస్ ఉన్నాయి. చివర రెండు దారులూ కలుస్తాయి. పై దారి మధ్య బిందువునూ, కింది దారి మధ్య బిందువునూ గాల్వనోమీటరుతో కలిపాం.

ఇప్పుడు నియమం. గాల్వనోమీటరు ముల్లు సున్నా దగ్గర నిలిస్తే దాని గుండా విద్యుత్తు పోవడం లేదని అర్థం. ఎందుకు పోవడం లేదు? రెండు చెరువుల్లో నీటిమట్టం ఒక్కటే అయితే మధ్య కాలువలో నీళ్ళు ఎటూ పారవు. అలాగే రెండు మధ్య బిందువుల పొటెన్షియల్ ఒక్కటే అయింది. అంటే పి దగ్గర ఎంత పొటెన్షియల్ తగ్గిందో ఆర్ దగ్గరా అంతే తగ్గింది. క్యూ దగ్గర ఎంత తగ్గిందో ఎస్ దగ్గరా అంతే తగ్గింది. పై దారిలో ప్రవాహాన్ని ఐ1 అనీ, కింది దారిలో ఐ2 అనీ అనుకుంటే,

ఐ1 × పి = ఐ2 × ఆర్
ఐ1 × క్యూ = ఐ2 × ఎస్

మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ప్రవాహాలు కొట్టుడుపోయి పి/క్యూ = ఆర్/ఎస్ మిగులుతుంది. పి 10 ఓమ్‌లు, క్యూ 20, ఆర్ 15 అయితే ఎస్ 30 ఓమ్‌లు కావాలి. పరీక్షలో కిర్కాఫ్ నియమాలను పేరుపెట్టి చెప్పి, సంధుల దగ్గర ప్రవాహాలు రాసి చూపించాలి. మనసులో మాత్రం రెండు చెరువుల బొమ్మ ఉంటే ఏ మెట్టూ తప్పిపోదు. ప్రయోగశాలలో చేసే మీటరు బ్రిడ్జి కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. కాబట్టి ఒక్క పాఠంతో థియరీ, ప్రాక్టికల్ రెండూ వచ్చినట్టే.

ఇక మూడోది ప్రమాణం. రాసిన సూత్రం సరైనదో కాదో తెలియకపోతే మితులు చూడండి. లఘులోలకం ఆవర్తనకాలం 2పై√(ఎల్/జి) కదా. ఇందులో ఎల్ పైన ఉండాలా, జి పైన ఉండాలా అని అనుమానం వచ్చిందనుకోండి. ఎల్ మీటర్లలో ఉంటుంది. జి ప్రమాణం మీటరును సెకను వర్గంతో భాగించినది. ఎల్‌ను జితో భాగిస్తే మీటర్లు పోయి సెకను వర్గం మిగులుతుంది. దాని వర్గమూలం సెకను. మనకు కావలసింది కాలమే కనుక ఎల్ పైన ఉండాలి. పక్క బల్ల వైపు చూడాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త ఉంది. 2పై వంటి ఉత్త సంఖ్యలకు ప్రమాణం ఉండదు కాబట్టి అవి సరైనవో కావో ఈ పద్ధతి చెప్పలేదు. వాటిని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

లెక్కలు చేసే తీరు

లెక్క చూడగానే సూత్రంలో అంకెలు వేసేయకండి. జవాబు పెరగాలా, తగ్గాలా అని ముందే ఊహించండి. డాప్లర్ ప్రభావం లెక్క చూద్దాం. 640 హెర్ట్జ్ పౌనఃపున్యంతో కూత వేస్తూ ఒక రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో స్టేషన్ వైపు వస్తోంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. ప్లాట్‌ఫారం మీద నిలబడినవాళ్ళకు వినిపించే పౌనఃపున్యం ఎంత?

మొదట ప్రమాణాలు కలపాలి. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చడానికి 5/18తో గుణించాలి. 72 కాస్తా 20 అవుతుంది. ఇక ఊహ. రైలు దగ్గరికొస్తున్నప్పుడు కూత సన్నగా, హెచ్చు స్థాయిలో వినిపిస్తుంది. కాబట్టి జవాబు 640 కంటే ఎక్కువ రావాలి. భిన్నం విలువ పెరగాలంటే కింద ఉన్న సంఖ్య తగ్గాలి. అందుకని 340 లోంచి 20 తీసేయాలి. 640 × 340/320 = 680 హెర్ట్జ్. రైలు దాటి వెళ్ళిపోతున్నప్పుడు కింద 360 వస్తుంది. జవాబు సుమారు 604 హెర్ట్జ్. ఎక్కడ ప్లస్, ఎక్కడ మైనస్ అనేది బట్టీ పట్టనక్కరలేదు. రైలు కూత విన్న చెవే చెబుతుంది.

సెంటీమీటరును మీటరుగా, మైక్రోఫారడ్‌ను ఫారడ్‌గా, గ్రామును కిలోగ్రాముగా మార్చకుండా లెక్క మొదలుపెట్టకూడదు. ఇచ్చిన విలువలన్నీ ఎడమవైపు ఒక వరుసలో, ప్రమాణాలు మార్చి రాసుకోవడం అలవాటు చేసుకోండి. జవాబు పక్కన ప్రమాణం రాయడం మరువకండి.

హాస్టలే ప్రయోగశాల

మనకు కోచింగ్ సెంటర్లు లేకపోవచ్చు. ప్రకృతి నియమాలు మాత్రం మన హాస్టల్లోనూ పనిచేస్తున్నాయి. ఒక దారానికి చిన్న రాయి కట్టి కిటికీ చువ్వకు వేలాడదీయండి. ముడి దగ్గర నుంచి రాయి మధ్య వరకు సరిగ్గా 1 మీటరు ఉండేలా చూడండి. కొద్దిగా పక్కకు లాగి వదలండి. 20 డోలనాలకు ఎంత సమయం పడుతుందో చూడండి. దాదాపు 40 సెకన్లు వస్తుంది. 40.1 సెకన్లు వచ్చిందనుకుంటే ఒక డోలనానికి 2.005 సెకన్లు. సూత్రంలో వేస్తే జి విలువ సుమారు 9.82 వస్తుంది. భూమి గురుత్వాన్ని దారం ముక్కతో కొలిచామన్నమాట! దారాన్ని 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఆవర్తనకాలం సగమవుతుంది. పొడవు నాలుగో వంతు అయితే కాలం సగమే ఎందుకైందో ఆలోచించండి. వర్గమూలం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

నీళ్ళ మోటారు వేయగానే గదుల్లో లైట్లు ఒక్క క్షణం మసకబారడం గమనించారా? వచ్చే తీగలకూ కొంత నిరోధం ఉంటుంది. అది 2 ఓమ్‌లు అనుకుందాం. 2 ఆంపియర్ల ప్రవాహం ఉంటే తీగల్లోనే 4 వోల్టులు పోతాయి. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. ప్రవాహం 10 ఆంపియర్లయితే 20 వోల్టులు పోతాయి. 230 బదులు 210 వోల్టులే లైటుకు చేరతాయి. ఓమ్ నియమం ఇదే. బ్యాటరీ అంతర్నిరోధం లెక్కలోనూ జరిగేది ఇదే. లైటు మసకబారిన ప్రతిసారీ ఆ పాఠం ఒకసారి పునశ్చరణ అయినట్టే.

ప్రాక్టికల్స్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. వెర్నియర్ మీద 10 విభాగాలు ప్రధాన స్కేలు మీది 9 మిల్లీమీటర్లకు సమానమైతే కనీసపు కొలత 0.1 మిల్లీమీటరు. స్క్రూగేజి మర అంతరం 1 మిల్లీమీటరు, తల స్కేలు మీద 100 విభాగాలు ఉంటే కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. ఈ రెండూ చేత్తో పట్టుకొని చూసి నేర్చుకోండి. రికార్డులో పక్కవాళ్ళ రీడింగులు దించుకుంటే మౌఖిక ప్రశ్నలకు నోరు పెగలదు.

ప్రశ్నపత్రాన్ని తెలుసుకోవడం

మేము రాసిన రోజుల్లో ఒక్కో సంవత్సరం థియరీ పేపరు 60 మార్కులకు ఉండేది. సమయం 3 గంటలు. ఎ విభాగంలో 2 మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. బి విభాగంలో ఎనిమిదిలో ఆరు రాయాలి, ఒక్కోటి 4 మార్కులు. సి విభాగంలో మూడింట్లో రెండు, ఒక్కోటి 8 మార్కులు. అంటే 20, 24, 16. ఉత్తీర్ణతకు 21 మార్కులు. రెండు రాష్ట్రాల బోర్డులు వేరు, మార్పులూ జరుగుతుంటాయి. కాబట్టి మీ బోర్డు ఈ సంవత్సరం విడుదల చేసిన నమూనా ప్రశ్నపత్రాన్ని తప్పకుండా చూడండి.

ఆ అంకెల్ని ఒకసారి గమనించండి. అందరూ భయపడే 8 మార్కుల ప్రశ్నలకు ఉన్నవి 16 మార్కులే. చిన్నవని వదిలేసే 2 మార్కుల ప్రశ్నలకు 20 ఉన్నాయి. అయితే వాటిలో ఛాయిస్ లేదు. అందుకే ఏ పాఠాన్నీ పూర్తిగా వదలకూడదు. ప్రతి పాఠంలో నిర్వచనాలు, ప్రమాణాలు, చిన్న లెక్కలు వచ్చి తీరాలి. సమయం విషయానికొస్తే 2 మార్కులవాటికి 35 నిమిషాలు, 4 మార్కులవాటికి 75, పెద్దవాటికి 50 కేటాయించుకుంటే చివర 20 నిమిషాలు సరిచూసుకోవడానికి మిగులుతాయి.

ఎంసెట్ ఇప్పుడు ఈఏపీసెట్ అయింది. ఇంజనీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలకు 40 ఫిజిక్స్‌వే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. దానికి వేరే ఫిజిక్స్ ఏమీ లేదు. పాఠ్యపుస్తకం చివరి లెక్కలన్నీ సొంతంగా చేసినవాళ్ళకు పునాది పడినట్టే.

ఉదయం స్టడీ అవర్‌లో లెక్కలు చేయండి. సాయంత్రం స్టడీ అవర్‌లో ఒక ఉత్పాదనను పుస్తకం మూసి రాయండి. ఆదివారం పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టుకొని రాయండి. ఇప్పుడు ఫోన్లలో పాఠాలు దొరుకుతున్నాయి, మంచిదే. కానీ చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. కాగితం మీద పెన్ను కదిలితేనే ఏది తెలుసో ఏది తెలియదో బయటపడుతుంది.

ఒకరికి ఒకరు గురువు

పోలెండు దేశంలో మరియా అనే అమ్మాయి ఉండేది. అప్పట్లో వార్సా విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళను చేర్చుకునేవారు కాదు. పారిస్ వెళ్ళి చదవడానికి ఇంట్లో డబ్బు లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు అక్క బ్రోన్యా వెళ్ళి వైద్యం చదువుతుంది. మరియా పరాయి ఇళ్ళలో పిల్లలకు చదువు చెబుతూ ఆమెకు డబ్బు పంపుతుంది. తర్వాత అక్క చెల్లిని ఆదుకుంటుంది. 1891లో మరియా పారిస్ చేరింది. పరాయి భాషలో పాఠాలు వింటూ 1893లో భౌతికశాస్త్ర పట్టా పరీక్షలో ప్రథమురాలిగా నిలిచింది. ఆమే మేరీ క్యూరీ. 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు పొందింది.

మన దేశపు మేఘనాథ్ సాహా 1893లో ఢాకా దగ్గరి పల్లెలో ఒక చిన్న కిరాణా దుకాణదారు ఇంట పుట్టాడు. కలకత్తాలో ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో హాస్టల్లో ఆయన పక్కన కూర్చొని తినడానికి కొందరు ఒప్పుకోలేదు. కారణం కులం. ఆ సాహాయే 1920లో నక్షత్రాల వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను ఎలా కోల్పోతాయో లెక్కగట్టే సమీకరణం ఇచ్చాడు. నక్షత్రాల కాంతిని చూసి వాటి ఉష్ణోగ్రతను తెలుసుకోవడానికి ఆ సమీకరణం దారి చూపింది. పంక్తిలో చోటివ్వనివాళ్ళు ఆయన సమీకరణానికి చోటివ్వక తప్పలేదు.

"మీకేం, మీకు సీటు ఎలాగూ వస్తుంది" అనే మాట కాలేజీలో మీరూ వింటారు. రిజర్వేషన్ మన హక్కు. దానికి తలవంచుకోనక్కరలేదు. అయితే సీటు దగ్గరే ఆగిపోకుండా బోర్డు దగ్గరికి వెళ్ళి వీట్‌స్టన్ బ్రిడ్జిని వివరించగలిగితే ఆ మాటన్నవాళ్ళే రేపు నోటుబుక్కు పట్టుకొని మీ దగ్గరికొస్తారు. ఇది మేము కళ్ళారా చూశాం.

అందుకని చెల్లెళ్ళూ, నలుగురైదుగురు కలిసి ఒక జట్టు కట్టండి. వారానికి ఒకరు ఒక పాఠం మిగతావాళ్ళకు చెప్పాలి. చెప్పేటప్పుడు ఎక్కడ తడబడతారో అక్కడే మీకు ఇంకా అర్థం కాలేదని తెలుసుకోండి. రెండో సంవత్సరం వాళ్ళు మొదటి సంవత్సరం వాళ్ళకు వారానికి ఒక గంట ఇవ్వండి. మీరు వెళ్ళేటప్పుడు మీ నోటుబుక్కులు పాత కాగితాలవాళ్ళకు అమ్మకుండా స్టడీ హాలు బీరువాలో పెట్టి వెళ్ళండి. ఉద్యోగాల్లో ఉన్న అక్కలు పాత ప్రశ్నపత్రాలు, ఒకటి రెండు రిఫరెన్సు పుస్తకాలు పంపితే ఆ బీరువా నిండుతుంది. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక ఆదివారం మేమూ లెక్కలు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇంటి దగ్గర అడగడానికి మనకెవరూ లేరు. మన తర్వాత పుట్టే పిల్లలకు ఆ లోటు ఉండకూడదు. పరీక్ష దగ్గరపడుతోంది. ఈ రాత్రి స్టడీ అవర్‌లో ఒక తెల్లకాగితం తీసుకొని, పుస్తకం మూసి, మీకు వచ్చిన ఒక్క బొమ్మ గీయడంతో మొదలుపెట్టండి. అందరికీ విజయం కలగాలని కోరుకుంటూ,

మీ అక్కలు